రక్తపరీక్ష నివేదికలో ‘నెగటివ్’ అంటే లేనట్టేనా?

ఫ్లో సైటోమెట్రీ పరీక్ష గురించి కిందటి సంచికలో వేసిన చిన్న పరిచయ వ్యాసం చదివి, చెన్నైలోని తెలుగు పాఠకులు కొందరు ఉత్తరాలు రాశారు. వెలుగునిచ్చే రంగు కట్టిన మోనోక్లోనల్ (అంటే అన్నీ ఒకే రకమైన) యాంటీబాడీలతో మనిషి కణాల మీది ప్రోటీన్లను గుర్తించే పరీక్ష ఇది. రోగుల బంధువులు, ల్యాబ్ సిబ్బంది, విద్యార్థులు వేరువేరు అవసరాలతో అడిగినా, చాలా ఉత్తరాల్లో సందేహం ‘పాజిటివ్’ అంటే ఏమిటి, కనబడకపోతే లేనట్టేనా అన్న ఒకే చోట తిరుగుతోంది కనుక వాటిని ఒకే శీర్షికలో చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. మామూలు ఆరోగ్య పరీక్షలో తెల్ల రక్తకణాలు 31,000 ఉన్నాయని తేలితే డాక్టరుగారు ఫ్లో సైటోమెట్రీ చేయించారు. నివేదికలో ‘సీడీ19 పాజిటివ్, సీడీ5 పాజిటివ్, సీడీ23 పాజిటివ్, సీడీ20 డిమ్, కాపా రిస్ట్రిక్టెడ్’ అని ఉంది. పాజిటివ్ అన్న మాట అన్నిసార్లు చూసేసరికి ఇంటిల్లిపాదికీ గుండె జారిపోయింది. వీటి అర్థం ఏమిటి?
– ఒక పాఠకురాలు, విల్లివాక్కం

జవాబు: ముందుగా ఆ మాట సంగతి చూద్దాం. ఈ నివేదికలో పాజిటివ్ అంటే ఫలానా ప్రోటీన్ ఆ కణం మీద ఉన్నదని మాత్రమే అర్థం. ఆరోగ్యవంతుడి రక్తం పరీక్షించినా డజన్ల కొద్దీ పాజిటివ్‌లు వస్తాయి. చూడవలసింది ఏ ప్రోటీన్ పక్కన ఏ ప్రోటీన్ ఉన్నదీ, అవి రెండూ ఒకే కణం మీద ఉండవలసినవేనా అన్నది.

లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో బీ కణాలనూ టీ కణాలనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి ఎంత నిపుణుడు చూసినా రూపం చూసి విడదీయలేడు. అయితే వాటి పైపొర మీది ప్రోటీన్లు వేరు. ఒక్కొక్క ప్రోటీన్‌కు సీడీ అన్న అక్షరాలతో ఒక్కొక్క సంఖ్య ఇచ్చారు. ఒక ప్రోటీన్‌లోని ఒకే ఒక చిన్న భాగాన్ని పట్టుకునే యాంటీబాడీని తయారుచేసి, దానికి లేజర్ కాంతి తగిలితే వేరే వన్నెలో వెలిగే రంగును అంటించి, రోగి రక్తంలో కలిపి చీకట్లో పావుగంటో ఇరవై నిమిషాలో ఉంచుతారు. ఎర్ర కణాలను పగలగొట్టేసిన తరువాత మిగిలిన కణాలు యంత్రంలోకి వెళ్తాయి. అక్కడ చుట్టూ ప్రవహించే ద్రవం వాటిని రేషన్ దుకాణం ముందు జనంలా ఒకరి వెనుక ఒకరిని నిలబెట్టి లేజర్ ఎదుటి నుంచి నడిపిస్తుంది. కణానికి తగిలి ముందుకు చెదిరిన కాంతి దాని పరిమాణాన్నీ, పక్కకు చెదిరిన కాంతి లోపలి గరుకుదనాన్నీ, రంగు వెలుగు దాని మీద ఉన్న ప్రోటీన్‌నూ చెబుతాయి. సెకనుకు వేల కణాలను యంత్రం ఇలా విడివిడిగా కొలుస్తుంది.

ఇప్పుడు నాన్నగారి నివేదిక. సీడీ19 బీ కణం గుర్తు. సీడీ5 ప్రధానంగా టీ కణాల మీద ఉండే ప్రోటీన్. ఈ రెండూ ఒకే కణం మీద, అదీ పెద్ద సంఖ్యలో కనిపించడమే ఇక్కడి అసలు వార్త. కాపా సంగతి కూడా అలాంటిదే. ఒక్కో బీ కణం తన మీద కాపా, లాంబ్డా అనే రెండు రకాల తేలిక గొలుసుల్లో (ఇవి యాంటీబాడీలోని భాగాలు) ఒక దానినే మోస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో కాపా కణాలు రెండుంటే లాంబ్డా కణం సుమారుగా ఒకటి ఉంటుంది. మీ నాన్నగారి విషయంలో ఆ కణాలన్నీ కాపావే అంటే, అవన్నీ ఒకే కణం నుంచి పుట్టి పెరిగిన సంతానమని అనుమానించవలసి వస్తుంది. సీడీ23 ఉండడం, సీడీ20 మసకగా ఉండడం కూడా వీటికి తోడైతే దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకీమియా అనే వ్యాధి చిత్రం ఏర్పడుతుంది. మాంటిల్ సెల్ లింఫోమా అనే మరో వ్యాధిలో కూడా సీడీ5 ఉంటుంది, కానీ అందులో సాధారణంగా సీడీ23 కనిపించదు, సీడీ20 గట్టిగా వెలుగుతుంది. రెండింటి వైద్యం వేరు కనుక ఆ రెండు వరుసలు నివేదికలో ఉండడం అలంకారానికి కాదు.

ఈ వ్యాధిని నిర్ధారించడానికి మైక్రోలీటరు రక్తంలో అటువంటి బీ కణాలు 5,000 లేదా అంతకు మించి, కనీసం మూడు నెలలపాటు ఉండాలన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. తేలిన వెంటనే అందరికీ మందులు మొదలుపెట్టరు. చాలామందిని సంవత్సరాల తరబడి గమనిస్తూ మాత్రమే ఉంటారు. మీ నాన్నగారు ఏ కోవలోకి వస్తారన్నది ఆయన ఒంటిని పరీక్షించిన రక్తరోగ నిపుణుడు చెప్పవలసిన మాట. ఈ శీర్షిక నుంచి దానిని ఆశించకండి.

ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. మున్ముందు రిటుక్సిమాబ్ అనే మందు ఇవ్వవలసి వస్తే, అది స్వయంగా సీడీ20 మీద పట్టు వేసే యాంటీబాడీయే. మందు పట్టుకున్న చోట పరీక్ష యాంటీబాడీకి చోటు దొరకదు. కనుక ఆ తరువాతి నివేదికలో ‘సీడీ20 నెగటివ్’ అని వస్తే బీ కణాలన్నీ పోయాయని సంబరపడకుండా, సీడీ19 వరుసలో ఏముందో చూడమని అడగండి.

ప్రశ్న: ఈ యాంటీబాడీలను ఎలుకల నుంచి తీస్తారని మనవడు చెబుతున్నాడు. ప్రతి పరీక్షకూ ఒక ప్రాణిని చంపుతారా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, టి.నగర్

జవాబు: చంపరండీ. మనవడు చెప్పినది సగం నిజం. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక ప్లీహంలోని యాంటీబాడీ తయారుచేసే కణాన్నీ, ఎడతెగకుండా విభజన చెందే మైలోమా క్యాన్సర్ కణాన్నీ కలిపి ఒకే కణంగా చేశారు. మొదటిదానికి యాంటీబాడీ చేసే విద్య ఉంది కానీ గాజుపాత్రలో ఆయుష్షు లేదు. రెండవదానికి ఆయుష్షు ఉంది. కలిసిన కణానికి రెండూ సంక్రమించాయి. అటువంటి ఒక కణాన్ని వేరుచేసి పెంచితే దాని సంతతి అంతా ఒకే రకం యాంటీబాడీని చేస్తూ పోతుంది. ఆ సంతతినే క్లోన్ అంటారు. ఇద్దరికీ 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతికి పేటెంటు మాత్రం తీసుకోలేదు. మొదట ఒక ఎలుక అవసరమైన మాట నిజమే. ఒకసారి క్లోన్ కుదిరిన తరువాత దానిని పాత్రల్లోనే పెంచుకోవచ్చు, ఇప్పుడైతే జన్యువరుస తెలిసిన యాంటీబాడీలను నేరుగా కణాల పెంపకంతోనే చేస్తున్నారు.

యాంటీబాడీకి రంగు కట్టే ఆలోచన ఇంకా పాతది. 1941లోనే హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ బృందం ఆ పని చేసింది. ప్రాణుల గురించి అడిగారు కనుక చెప్పదగిన విశేషం ఒకటుంది: ల్యాబుల్లో పీఈ అని పిలుచుకునే, అన్నింటికంటే ప్రకాశవంతమైన రంగుల్లో ఒకటైన ఫైకోఎరిత్రిన్‌ను ఎర్ర నాచు మొక్కల నుంచి తీస్తారు.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌ని. ఈ మధ్య సీడీ4 యాంటీబాడీ వేరే కంపెనీది తెప్పించారు. అదే యంత్రం, అదే పద్ధతి. ఒక రోగి నమూనాలో సీడీ3, సీడీ8 చక్కగా వచ్చి సీడీ4 మాత్రం పూర్తిగా సున్నా వచ్చింది. మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు. వయల్ పాడైందనుకుంటే మిగతా నమూనాలన్నీ సరిగానే వచ్చాయి. ఐసోటైప్ కంట్రోల్ కూడా బాగానే ఉంది. పొరపాటు ఎక్కడ?
– పేరు వద్దన్న పాఠకుడు, పెరంబూరు

జవాబు: మీ వయల్ (మందు సీసా) మీద క్లోన్ పేరు ఏమని ఉందో ముందు చూడండి. పెట్టె మీద సీడీ4 అని ఉంటే చాలదు. మిగతా పాఠకుల కోసం ఒక మాట: సీడీ3 టీ కణాలన్నిటి గుర్తు, సీడీ4, సీడీ8 వాటిలోని రెండు ప్రధాన రకాల గుర్తులు. సీడీ4 ప్రోటీన్ మీద పట్టుకోదగిన చోట్లు అనేకం ఉన్నాయి. ఎస్‌కే3, ఆర్‌పీఏ-టీ4, ఓకేటీ4 వంటి క్లోన్లు అన్నీ సీడీ4నే గుర్తించినా, అన్నీ పట్టుకునే చోటు ఒకటి కాదు. వీటిలో ఓకేటీ4 పట్టుకునే భాగంలో పుట్టుకతోనే చిన్న మార్పు ఉన్నవారు కొందరు ఉన్నారన్న సంగతి 1980లలోనే బయటపడింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ మార్పు వచ్చినవారి కణాలను ఓకేటీ4 అసలు పట్టుకోదు. ఒక్కరి నుంచే వస్తే వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. వారి సీడీ4 కణాలు ఉంటాయి, పనిచేస్తాయి, వారికి జబ్బేమీ ఉండదు.

మీ నమూనాలో ఇదే జరిగిందో లేదో తేల్చుకోవడానికి కొత్త ఖర్చు కూడా అక్కరలేదు. సీడీ3 కణాలపై గేట్ వేసి (అంటే తెర మీద హద్దు గీసి ఆ గుంపును మాత్రమే తీసుకుని), వాటిలో సీడీ8 లేనివి ఎన్ని ఉన్నాయో చూడండి. ఆరోగ్యవంతుడిలో అవి చాలావరకు సీడీ4 కణాలే. అవి మామూలు సంఖ్యలో కనిపిస్తూ సీడీ4 వెలుగు మాత్రం లేకపోతే కణాలు పోలేదు, మీ క్లోన్‌కు కనిపించలేదు. అదే రక్తాన్ని వేరే చోటును పట్టుకునే క్లోన్‌తో మళ్లీ రంగు వేయండి. ఈ లోపల ‘సీడీ4 సున్నా’ అని సంతకమైన నివేదిక బయటికి పోనివ్వకండి. హెచ్ఐవీ దెబ్బతీసేది సీడీ4 కణాలనే కనుక ఆ ఒక్క అంకె ఆ మనిషిని అకారణంగా హెచ్ఐవీ పరీక్షకూ, అంతకు మించిన మనోవేదనకూ పంపగలదు.

ఐసోటైప్ కంట్రోల్ గురించి కూడా అడిగారు కనుక నా అభిప్రాయం చెబుతాను. దానికి మన ల్యాబుల్లో లేని పెద్దరికం ఇచ్చారు. ఏ మానవ ప్రోటీన్‌నూ పట్టుకోని, అదే తరగతికి చెందిన, అదే రంగు కట్టిన యాంటీబాడీ అది. ఊరికే అంటుకునే వెలుగు ఎంత ఉందో కొంతవరకు చెబుతుంది. అసలు యాంటీబాడీ పనిచేసిందా లేదా అన్నది చెప్పలేదు. మీ నమూనాలో అది బాగానే ఉండడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే దానిని అడగవలసిన ప్రశ్న అది కాదు. పలు రంగుల యాంటీబాడీలను కలిపి వేసే ప్యానెల్‌లో గేట్ ఎక్కడ గీయాలన్నదానికి, ఆ ఒక్క రంగునూ వదిలి మిగతా అన్నీ వేసిన గొట్టం ఎక్కువ నమ్మకమైనది. చచ్చిన కణాలు ప్రతి యాంటీబాడీనీ అంటించుకుంటాయి కాబట్టి చచ్చిన కణాల్లోకి మాత్రమే దూరే 7-ఏఏడీ వంటి రంగుతో వాటిని ముందే తీసివేయాలి. మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాల మీద ఉండే ఎఫ్‌సీ రిసెప్టార్లు యాంటీబాడీ తోకను పట్టుకుంటాయి కాబట్టి వాటిని ముందుగా మూసే ద్రవం వాడాలి.

కంపెనీ మారినప్పుడు చేయవలసిన మరో పని, టైట్రేషన్. చీటీ మీద రాసిన పరిమాణం మీ నమూనాకూ మీ యంత్రానికీ అతికినట్టు సరిపోతుందన్న హామీ లేదు. ఒకే సంఖ్యలో కణాలను ఏడెనిమిది గొట్టాల్లో తీసుకుని, యాంటీబాడీని గొట్టం గొట్టానికీ సగం చేస్తూ వేసి, వెలిగే గుంపుకూ వెలగని గుంపుకూ మధ్య ఎడం ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడి పరిమాణాన్ని ఎంచుకోండి. ఎక్కువ వేస్తే ఎక్కువ వెలుగుతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. నిజానికి ఎక్కువైన యాంటీబాడీ వెలగకూడని కణాలకు అంటుకుని ఎడాన్ని తగ్గిస్తుంది, డబ్బూ వృథా.

నిల్వ విషయం పెద్దగా చెప్పనక్కరలేదు: 2 నుంచి 8 డిగ్రీల మధ్య, చీకట్లో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. పీఈ, ఏపీసీ వంటి ప్రోటీన్ రంగులు ఒకసారి గడ్డకడితే ఇక పనికిరావు. పీఈ-సీవై7 వంటి జంట రంగులను మాత్రం పసిపిల్లలను చూసుకున్నట్టు చూసుకోవాలి. ట్యూబ్‌లైట్ కింద బల్ల మీద మరిచిపోతే జంట విడిపోయి, ఆ వెలుగు పీఈ గడిలోకి దూరుతుంది. లేని ప్రోటీన్ ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకొకటి, వయల్ మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటే దానితో రోగి నివేదిక ఇవ్వవచ్చా లేదా అన్న చర్చ మీ పాథాలజిస్టుగారితో కొనుగోలుకు ముందే జరగాలి.

ప్రశ్న: రక్తం నమూనాను ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు పంపాను. ల్యాబువారు తిప్పి పంపారు. చల్లగా ఉంచడమే మంచిది కదా?
– ఒక నర్సు, తిరువొత్తియూరు

జవాబు: ఈ పరీక్షకు మంచిది కాదు. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలోని రక్తాన్ని గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, వీలైతే 24 గంటల లోపల చేర్చాలి. చలికి లింఫోసైట్ల సంఖ్య, వాటి మీది ప్రోటీన్ల వెలుగు దెబ్బతినవచ్చు. అయితే గది ఉష్ణోగ్రత అంటే 18 నుంచి 25 డిగ్రీలు. చెన్నైలో మే నెల మధ్యాహ్నం మోటారు సైకిల్ డబ్బాలోని వేడి ఆ లెక్కలోకి రాదు. ఐసు లేని థర్మోకోల్ పెట్టెలో పంపండి.

ప్రశ్న: రోగనిరోధక శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. దాత రక్తంలోని టీ కణాలను పీఎంఏ, అయోనోమైసిన్ అనే రసాయనాలతో ఉత్తేజపరచి, కణం లోపలి ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్‌కు రంగు వేశాను. ఉత్తేజపరచని గొట్టంలో సీడీ4 కణాలు బాగా కనిపించాయి. ఉత్తేజపరచిన గొట్టంలో సీడీ4 గుంపు దాదాపు మాయమైంది. కణాలు చనిపోయాయా?
– ఒక విద్యార్థిని, గిండీ

జవాబు: చనిపోలేదమ్మా, సీడీ4ను లోపలికి లాక్కున్నాయి. పీఎంఏ తగిలిన టీ కణం తన పైపొర మీది సీడీ4ను కొద్ది గంటల్లోనే లోపలికి తీసుకుంటుంది. పైన రంగు వేస్తే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. దీనికి రెండు దారులు వాడుకలో ఉన్నాయి. సీడీ4 యాంటీబాడీని కూడా కణపొరకు రంధ్రాలు చేసిన తరువాత, ఇంటర్‌ఫెరాన్ యాంటీబాడీతో పాటే వేయడం ఒకటి. సీడీ3 ఉండి సీడీ8 లేని కణాలను సీడీ4 కణాలుగా లెక్కవేయడం మరొకటి. మొదటిది మేలు, ఎందుకంటే రెండవదానిలో సీడీ4, సీడీ8 రెండూ లేని టీ కణాలు కూడా కలిసిపోతాయి.

ఇంటర్‌ఫెరాన్ బయటికి పోకుండా బ్రెఫెల్డిన్-ఏ వేసే ఉంటారు. రంధ్రాలకు సపోనిన్ వాడుతూ ఉంటే రంగులకు భయం లేదు. మెథనాల్ అయితే పీఈ, ఏపీసీలను చంపేస్తుంది, ఆ రంగులను మెథనాల్ తరువాతి దశకు జరపాలి. చచ్చిన కణాలను తీసివేయడానికి 7-ఏఏడీ ఇక్కడ పనికిరాదు. రంధ్రాలు చేశాక అన్ని కణాలూ దానిని పీల్చుకుంటాయి. ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరచినా నిలిచే, బతికిన కణాలనూ చచ్చిన కణాలనూ విడదీసి చూపే రంగును గట్టిపరచక ముందే వేయండి. మీ గైడ్‌గారు ప్రయోగమంతా మళ్లీ చేయమంటే, ఉత్తేజపరచని గొట్టానికీ సరిగ్గా అవే దశలు నడపండి. పైన రంగు వేసిన గొట్టాన్ని లోపల రంగు వేసిన గొట్టంతో పోల్చకండి.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా హెచ్ఐవీ మందులు వాడుతున్నాను. ఒక్క రోజూ మానలేదు. వైరల్ లోడ్ కనబడడం లేదన్నారు. కానీ సీడీ4 కిందటిసారి 480 ఉండి, ఈసారి 395 వచ్చింది. పరీక్ష వేరే ల్యాబులో చేయించుకున్నాను. మందు పనిచేయడం మానేసిందా?
– పేరు, ఊరు ప్రచురించవద్దన్న పాఠకుడు

జవాబు: వైరల్ లోడ్, అంటే రక్తంలోని వైరస్ పరిమాణం, కనబడనంత తక్కువగా ఉన్నప్పుడు మందు పనిచేస్తున్నట్టే. ఈ రెండు అంకెల మధ్య తేడా సుమారు 18 శాతం. ఒకే మనిషిలో రెండు పరీక్షల మధ్య సుమారు 30 శాతం వరకు వచ్చే తేడాను మామూలు ఊగిసలాటగానే వైద్యులు చూస్తారు. సీడీ4 సంఖ్య ఉదయం తక్కువగానూ సాయంత్రం ఎక్కువగానూ ఉంటుంది. జలుబో జ్వరమో వచ్చి ఉన్నా, స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉన్నా దిగుతుంది.

ల్యాబు మారడం ఇంకో కారణం కావచ్చు. కొన్నిచోట్ల ఫ్లో సైటోమీటరు నుంచి శాతం మాత్రమే తీసుకుని, రక్తకణాలు లెక్కించే వేరే యంత్రం ఇచ్చిన లింఫోసైట్ సంఖ్యతో గుణిస్తారు; అప్పుడు రెండు యంత్రాల తేడాలూ జవాబులోకి చేరుతాయి. మరికొన్నిచోట్ల సంఖ్య ముందే తెలిసిన వెలుగు పూసలను రక్తంతో పాటు గొట్టంలో కలిపి, పూసలతో పోల్చి నేరుగా లెక్కిస్తారు. రెండవ పద్ధతి ఎక్కువ నిలకడైనది. గేట్ వేసే తీరు కూడా అంకెను మార్చగలదు: మోనోసైట్ల మీద కూడా కొద్దిగా సీడీ4 ఉంటుంది కనుక, సీడీ3 కూడా ఉన్న కణాలనే లెక్కపెట్టాలి.

ఈ లెక్కకు చెన్నైతో పాత సంబంధం ఉంది. 1986లో దేశంలో మొదటి హెచ్ఐవీ కేసులను మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల బయటపెట్టారు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టిన కేంద్రాల్లో తాంబరం ఆసుపత్రి ఒకటి. అప్పట్లో మందు ఎవరికి ఇవ్వాలో సీడీ4 అంకె తేల్చేది. 2017 నుంచి వైరస్ ఉన్న ప్రతి ఒక్కరికీ సీడీ4 ఎంత ఉన్నా మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ఆ అంకె ప్రధానంగా 200కు దిగువకు పడిపోయినవారిని గుర్తించి, వారిని ఇతర అంటువ్యాధుల నుంచి కాపాడడానికి ఉపయోగపడుతోంది. మీరు దానికి దాదాపు రెట్టింపు ఎత్తున ఉన్నారు.

ఈసారి పాత ల్యాబులోనే, కిందటిసారి ఇచ్చిన వేళకే రక్తం ఇవ్వండి. నివేదికలో సీడీ4 శాతం కూడా వేయమని అడగండి. మొత్తం సంఖ్య కంటే శాతం తక్కువగా ఊగుతుంది. అది మూడు పాయింట్లకు మించి దిగితే ఆ కాగితంతోనూ పాత కాగితాలతోనూ మీకు హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం డాక్టరుగారిని కలవండి.